కింది వజ్రం మీద గీత

పెరట్లో వదినా మరదళ్ళు తడి దుప్పటిని చెరో కొసా పట్టుకుని పిండుతున్నారు. ఇద్దరిదీ ఒకే ప్రయోగశాలలో ఉద్యోగం.

"అంత మెలిపెట్టకు వదినా, చిరుగుతుంది."

"చిరగదులే. నీ కొస సరిగ్గా పట్టుకో. నిన్నటినుంచి ముఖం వేలాడేసుకుని తిరుగుతున్నావని మీ అన్నయ్య నన్నడుగుతున్నాడు."

"వజ్రాలు పగిలాయని చెప్పలేదా?"

"చెప్పాను. రెండు వజ్రాల మధ్య సోడియం నలుసు పెట్టి నొక్కడం కూడా ఒక పనేనా అన్నాడు."

"భూమి కడుపులో ఉండే ఒత్తిడి మన గుప్పెట్లోకి తెస్తున్నామని చెప్పకపోయావా?"

"మనం కాదు, నువ్వు. ప్రయోగశాలలో పెద్దసారు నోట ఎప్పుడూ నీ మాటేగా. 'ఆ అమ్మాయి ఓపిక ఎవరికీ రాదు' అంటూ. ఆ వజ్రాలు బిగించే మర తిప్పడం నీకు నేర్పిందెవరో ఆయనకి గుర్తే లేదు."

"నాకు గుర్తుంది కదా."

"ఉంటే చాల్లే. వచ్చేసారి వజ్రాలు నాకిస్తానన్నారు. నేనేం అడగలేదు."

"రోజుకో పావు తిప్పు, అంతే వదినా నేను తిప్పింది. శనివారం వచ్చేసేటప్పుడు ఒత్తిడికి సోడియం నల్లబడి ఉంది. ఇంకొంచెం ఒత్తిడి పెరిగితే గాజులా తేటపడేది. మూడేళ్ళు దానికోసమే కూర్చున్నాను. సోమవారం వెళ్ళేసరికి వజ్రాలు ముక్కలు."

"తొందరపడి ఉంటావు."

"నేనా?"

"ఎవరైనా అంతే. మెరిసే లోహం కళ్ళముందే నీళ్ళలా అయిపోతుంటే చెయ్యి ఆగుతుందా? దానిగుండా కింది వజ్రం మీది గీత కూడా కనిపిస్తుంటే, ఇంకాస్త, ఇంకాస్త అనిపించదూ?"

"ఏ గీత?"

"అదే, వెంట్రుకలా, ఓ పక్కకి వంగి... ఏంటలా చూస్తావు? దుప్పటి నేలకి తగులుతోంది."

"ఈసారి కింది వజ్రం కొత్తది వదినా. గీత ఉందని తెలిస్తే పెద్దసారు తిడతారని నేనెవరికీ చెప్పలేదు. పగిలిన ముక్కలూ నేనే ఏరాను. లోహం నల్లగా ఉన్నంతసేపూ ఆ గీత కనిపించదు."

వదిన గేటు వైపు కదిలింది.

"కొస వదిలేశావేం? ఎక్కడికి? వదినా, అన్నయ్యకి చెప్పను. పెద్దసారుకీ చెప్పను. ఆ చెప్పులు తర్వాత వేసుకుందువు గానీ, గేటు దాటేముందు ఒక్క మాట చెప్పి వెళ్ళు. కళ్ళు కాయలు కాచింది నాకు, చూసింది నువ్వు. తేటపడ్డాక బాగుందా?"