అట్ట మీద చుక్క

"ఆపు నాన్నా, ఆపు! ఇంజన్ ఆపెయ్! ఆయిల్ మళ్ళీ వచ్చేసింది."

"ఎక్కడ?"

"ఇదిగో, క్లచ్ కవర్ కింద. పౌడర్ తడిసిపోయింది చూడు."

"అది పాత తడేమో. తుడవడంలో మిగిలిపోయుంటుంది."

"తుడిచింది నేను నాన్నా. పెట్రోల్ పోసి, బ్రష్ పెట్టి రుద్ది, పాత చీర ముక్కలు మూడు నల్లగా చేశాను. ఆరాక పౌడర్ చల్లింది నువ్వు. ఇది కొత్త తడే."

వరండాలోంచి కుర్చీలు బయటికి పోయి, వాటి జాగాలోకి ఈ పాత మోటార్ సైకిల్ వచ్చి మూడు వారాలైంది. తండ్రీ కూతుళ్ళు దాని ముందు చతికిలబడి ఉన్నారు. ఇంట్లో ఉన్న పౌడరంతా ఇంజను మొహానికే ఉంది. లోపలి గదిలో ఆమె అన్న ఎడమ కాలు చాపుకుని ఫ్యాను మోటారుకు తీగ చుడుతున్నాడు. గోడ గడియారం కనిపించేది అతనొక్కడికే.

"అన్నయ్యా, టైమెంత?"

"రెండుంబావు."

"నాలుగింటికి నేనక్కడ ఉండాలి నాన్నా."

"తెలుసమ్మా. పొద్దుట్నుంచి ఇరవై సార్లు చెప్పావు."

"ఇరవై ఒకటోసారి కూడా చెప్తాను. రెండుసార్లు వెనక్కి పంపాడు ఆ పార్శిల్ ఆఫీసాయన. మూడోసారి కూడా కారిందంటే ఫైలు మూసేస్తానన్నాడు. బండి కింద తెల్ల అట్ట పెడతాడు, పది నిమిషాలు ఇంజన్ నడిపిస్తాడు. ఒక్క చుక్క పడితే చాలు. ఏమీ అనడు, తిట్టడు. అట్ట మడిచి నా చేతికిస్తాడు. రెండు అట్టలున్నాయి మనింట్లో."

"ఒకటే ఉంది. రెండో దాని మీద నేను తీగ చుట్లు లెక్క రాసుకుంటున్నా."

"నీకు నవ్వులాటగా ఉందా అన్నయ్యా?"

"ఏడిస్తే కారడం ఆగుతుందంటే చెప్పు, నేనూ వచ్చి కూర్చుంటాను."

"రాగలిగితే రా! కూర్చున్న చోటు నుంచి మాటలైతే బాగానే వస్తాయి. ఆ మలుపులో ఈ బండినే అంత దూకుడుగా తోలి పడకుండా ఉంటే ఈ పార్శిళ్ళ ఉద్యోగానికి నువ్వే వెళ్ళేవాడివి. నేనిలా నూనెలో మునిగేదాన్నే కాదు."

"అవును, తోలాను. తొమ్మిదేళ్ళుగా ఒప్పుకుంటూనే ఉన్నాగా."

"అమ్ములూ, అన్నయ్యనేమీ అనకు."

"ఎందుకనకూడదు? ఉన్నమాటేగా?"

"పద్నాలుగో నంబరు స్పానర్ ఇలా ఇవ్వు."

"అడిగినదానికి చెప్పవేం?"

"స్పానర్ ఇవ్వమ్మా ముందు."

"ఇదిగో. మరీ బిగించకు, నట్టు మరలు పోతాయి."

"నాకు చెప్తున్నావా? నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పట్నుంచి ఇంజన్లు విప్పుతున్నా."

"అయితే ఈ ఇంజనుకేం రోగమో చెప్పు మరి! మొదట టాపెట్ కవర్ అన్నావు, గ్యాస్కెట్ మార్చాం. ఆగింది. తెల్లారేసరికి గేర్ రాడ్ దగ్గర మొదలైంది. సీల్ మార్చాం. అదీ ఆగింది. ఇప్పుడు క్లచ్ కవర్. ఒకచోట మూస్తే ఇంకోచోట నుంచి తోసుకొస్తోంది, లోపల ఎవరో ఉండి నెడుతున్నట్టు."

"పాత ఇంజన్. తొమ్మిదేళ్ళు షెడ్డులో పడుంది. రబ్బరంతా ఎండిపోయుంటుంది."

"రబ్బరంతా కొత్తదేగా ఇప్పుడు?"

"ఆ గుడ్డ ఇలా పడెయ్."

"నాన్నా, కొత్తదేగా?"

"ఇంకోసారి తుడువు. ఇంకోసారి చల్లుదాం. ఈసారి నేను కన్ను ఆర్పకుండా చూస్తాను."

"పౌడర్ డబ్బా ఖాళీ."

"గోధుమపిండి పట్రా. ఏదో ఒక పొడి. తడి తెలిస్తే చాలు."

"రొట్టెల పిండి ఇంజనుకా నాన్నా?"

"రొట్టెల సంగతి వదిలెయ్. పిండి పట్రా."

"అన్నయ్యా, పిండి డబ్బా అందించు. టైమెంత?"

"రెండూ ముప్పై ఐదు. ఇదిగో. అన్నట్టు, ఆయిల్ కొలిచే గేజ్ పుల్ల చూశారా?"

"చూశాను."

"ఎప్పుడు నాన్నా?"

"పొద్దున చూశాను. సరిగ్గానే ఉంది. నువ్వు నీ ఫ్యాను చూసుకో."

"చల్లాను నాన్నా. స్టార్ట్ చెయ్."

"తొక్కుతున్నా... ఊఁ... వచ్చింది. చూడు, చూడు. గేర్ రాడ్?"

"పొడిగానే ఉంది."

"టాపెట్ కవర్?"

"పొడి."

"క్లచ్ కవర్?"

"పొడి... పొడిగానే ఉంది నాన్నా! ఆగిందా? ఆగినట్టుందే! ఆగు, ఆగు... అయ్యో. ఇదేమిటి? హెడ్ కింద నుంచి చారిక దిగుతోంది. ఈ గాలి గొట్టంలోంచి కూడా కక్కుతోంది. నాన్నా, నాలుగు వైపులా వస్తోంది!"

"లేదు, అలా రాదు. ఎక్కడో ఒకచోటే ఉండాలి. ఇంజనంతా కారడమేమిటి? ఎంత పాత ఇంజనైనా ఒక్కచోటే కారుతుంది. ఆ ఒక్కచోటు దొరికితే చాలు. విప్పేద్దాం. హెడ్ విప్పేద్దాం."

"ఇప్పుడా? గంటలో వెళ్ళాల్సిన బండికి హెడ్ విప్పుతావా?"

"మరేం చెయ్యమంటావు!"

"నామీద అరవకు! అరవకు నాన్నా. నాకు తెలుసు, ఇది అవదు. నేను పనిచేసే బట్టల కొట్టు మూతపడి ఆర్నెల్లు. ఎక్కడికెళ్ళినా బండుందా అంటున్నారు. ఉందండీ అంటున్నా. ఈ దిక్కుమాలినదాన్ని చూసుకునే అంటున్నా. ఇంక నావల్ల కాదు. ఈ సాయంత్రం ఆ మనిషి మూడో అట్ట నా చేతికిస్తే నేను ఇంటికి రాను, అక్కడే ఆ మెట్ల మీద కూర్చుంటాను."

"ఛ, అవేం మాటలు."

"అమ్ములూ."

"ఏంటన్నయ్యా!"

"కళ్ళు తుడుచుకో. గేజ్ పుల్ల తీసి చూడు."

"నాన్న చూశారుగా."

"నువ్వు చూడు. నువ్వే."

"ఒరేయ్, నేను చూశానని చెప్తుంటే..."

"జరుగు నాన్నా. కాస్త జరుగు. ఇది తిప్పి తీయడమేగా... అమ్మో. ఇదేమిటి? పై గీత ఏది? గీతే కనబడట్లేదు. మెడదాకా నల్లగా ఉంది."

"తుడిచి మళ్ళీ పెట్టి చూడు."

"చూశాను. మళ్ళీ అంతే. అన్నయ్యా, పై గీత దాటి రెండు వేళ్ళ ఎత్తుంది! మూడు వారాలుగా కారుతున్న ఇంజన్లో ఆయిల్ తగ్గాలి కదా? పెరగడమేమిటి నాన్నా?"

"నిన్న కాస్త పోశాను."

"నిన్న?"

"కారుతోంది కదా, తగ్గుంటుందని. మొన్న కూడా ఒక మూతెడు."

"రోజూ పోస్తున్నాడు అమ్ములూ. పొద్దున్నే ఐదున్నరకి డబ్బా మూత చప్పుడు నా చెవిలోనే. నువ్వు లేచేసరికి డబ్బా మళ్ళీ అరలో ఉంటుంది."

"రోజూనా? నాన్నా! అందుకేగా ఇది అన్ని కంతల్లోంచీ కక్కుతోంది? గ్యాస్కెట్లు మార్చింది, సీళ్ళు మార్చింది, నేను రెండుసార్లు అందరి ముందూ తలదించుకుని వచ్చింది... ఇందుకా? ముప్పై ఏళ్ళ మెకానిక్‌వి, నీకు తెలీదా ఎక్కువ పోస్తే ఏమవుతుందో?"

"తెలుసు."

"తెలిసీ?"

"ముందు తీసేద్దాం. గిన్నె పట్టు. గుడ్డ చుట్టుకో చేతికి, కాలుతుంది."

"సమాధానం చెప్పు."

"గిన్నె పట్టమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను. టైమవుతోంది."

"పెద్దవాడివి, అలాంటి మాటలనకు. పట్టాను. వదులు... ఇంకా... ఇంకా... చాలు, బిగించెయ్. పుల్ల చూస్తాను. ఇంకా ఉంది. ఇంకాస్త వదులు. చాలు. ఇప్పుడు చూడు, సరిగ్గా పై గీత మీద. నువ్వు కూడా చూడు, నీ కళ్ళతో."

"చూశాను."

"గట్టిగా చెప్పు."

"పై గీత మీద ఉంది."

"అన్నయ్యా, నీ లెక్కల అట్ట ఇలా పడెయ్. వెనక వైపు తెల్లగానే ఉందా?"

"నీ మనసంత తెల్లగా ఉంది. పట్టుకో. మూడూ ఐదయింది. స్టార్ట్ చెయ్యండి, పది నిమిషాలు నేను చూస్తాను."

"గొట్టం తుడిచాను. తొక్కు నాన్నా."

"వచ్చింది."

"ఒకటి."

"హెడ్ దగ్గర పొడి. క్లచ్ కవర్ పొడి."

"నాలుగు."

"గొట్టం కక్కట్లేదు. చప్పుడు కూడా తేలికైంది చూశావా నాన్నా? ఊపిరి పీల్చుకుంటున్నట్టుంది."

"ఏడు."

"పడకు, పడకు, పడకు తల్లీ..."

"తొమ్మిది. పది. ఆపండి."

"అట్ట లాగుతున్నా. నాన్నా! ఒక్క మచ్చ లేదు. అన్నయ్యా, ఇదిగో చూడు, ఇటూ అటూ తిప్పి చూడు! తెల్ల కాగితం! నేను వెళ్తున్నా. అరగంట దారి, చాలు. ఫైలేది? హెల్మెట్ ఏది? తాళం ఇవ్వు నాన్నా."

"ఒక్క నిమిషం."

"ఏమిటది చేతిలో?"

"ఏం లేదు."

"ఆయిల్ డబ్బా ఎందుకు తీశావు?"

"ఒక్క మూతెడు. ఒక్క మూతెడమ్మా. అంతకి కారదు."

"నాన్నా! ఇప్పుడే కదా తీసింది! అంగుళం అంగుళం తుడిచి, నీ కళ్ళతో చూసి..."

"చూశానా? చూశాను. కానీ స్టార్ట్ చేశాక చూడలేదు. తాళం ఇస్తాను, ఇది పోసి ఇస్తాను. పోయకుండా ఇవ్వలేను."

"నాన్నా, నీకు... నిజం చెప్పు, భయపడకు. మరపు వస్తోందా? పోసింది మర్చిపోతున్నావా?"

"మరపైతే బాగుండేదమ్మా."

"మరి?"

"పోశానని నాకు తెలుసు. నా చేతికి నమ్మకం లేదు. తెల్లారితే నువ్వు దీనిమీద ఎక్కుతావని లేచి పోస్తాను. పోసి మంచమ్మీదికెళ్తే, పోశానా అనిపిస్తుంది. మళ్ళీ లేస్తాను."

"ఎందుకలా? అంత భయం దేనికి?"

"ఆ రోజు కూడా ఇలాగే తుడిచాను."

"ఏ రోజు?"

"మీ అన్నయ్య పడ్డ రోజు. పొద్దున్నే పాత ఆయిల్ తీసేశాను. నట్టు బిగించాను. ఇంజనంతా అద్దంలా తుడిచాను. ఇంతలో ఎదురింటాయన స్కూటర్ కదలట్లేదని పిలిచాడు. వెళ్ళాను. తిరిగొచ్చేసరికి బండి తళతళలాడుతోంది. పనైపోయిందనుకున్నా. తాళం నేనే ఇచ్చాను, ఇక్కడే నిలబడి."

"ఏం చెప్తున్నావు నాన్నా?"

"సాయంత్రం బట్టలకని ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాను. కొత్త ఆయిల్ డబ్బా అరలో ఉంది. సీలు కూడా తీయలేదు."

"అంటే అన్నయ్య స్పీడుగా..."

"స్పీడూ లేదు, గీడూ లేదు. ఎండిన ఇంజన్ పట్టేసింది, వెనక చక్రం బిగుసుకుపోయింది. పట్టేసిన పిస్టన్ని తర్వాత నేనే గుట్టుగా మార్చాను. కుర్రాడి దూకుడన్నారు అందరూ. నేను కాదనలేదు. వాడు కళ్ళు తెరిచి, గట్టిగా తోలాను నాన్నా అన్నాడు. మత్తులో ఏదో అంటున్నాడనుకున్నా. వాడికేమీ గుర్తు లేదని ఊరుకున్నా. నువ్వు వాణ్ణి తిట్టిన ప్రతిసారీ స్పానర్ అడిగాను. తొమ్మిదేళ్ళు."

"మెల్లిగా మాట్లాడు. మెల్లిగా నాన్నా, లోపల అన్నయ్య..."

"వినబడుతోంది అమ్ములూ. ఏడుపు తిరిగొచ్చాక ఏడుద్దువు గాని, మూడూ ఇరవై ఐదైంది. నాన్నా, తాళం దాని చేతికివ్వు. ఆ మూతలోది మళ్ళీ డబ్బాలో పోసెయ్."

"పెద్దోడా... నేను నీకు..."

"గట్టిగా తోలానన్నప్పుడు నాకు మత్తేం లేదు నాన్నా. ఆ మలుపులో బండి పక్కనే ముప్పావుగంట పడున్నాను, ఎవరూ రాలేదు. నా మొహానికి జానెడు దూరంలో ఇంజన్. అంత దెబ్బ తిని పక్కకి ఒరిగినా రోడ్డు మీద ఒక్క చుక్క ఆయిల్ లేదు."