ఆవిరక్క నొక్కిన ఎర్రమీట

ఏంటమ్మడూ అది, ఫోన్లో నక్షత్రాలా? చూడనైనా చూడకుండా అయిదూ నొక్కేశావే. ఆవిరక్క ఉంటే నీకు చీవాట్లు పడేవి. ఎవరా? ఆస్పత్రి బట్టల గదిలో నా కింద దుప్పట్లు ఇస్త్రీ చేసేదిలే. పేరుకి నేను సూపర్‌వైజర్ని గానీ, నాకంటే పదేళ్లు పెద్దది, నేనూ అక్కా అనే పిలిచేవాణ్ణి. కిటికీ లేని గది, పొద్దుణ్ణించీ ఆవిరే. ఇస్త్రీ వేడికి ఆవిడ వేళ్ల గీతలన్నీ అరిగిపోయి హాజరు మిషన్ గుర్తుపట్టేది కాదు. "నేనొచ్చానని దీనికి నువ్వే చెప్పు నాయనా" అని రోజూ నన్ను కేకేసేది. ఎక్కడున్నాను? ఆ, నీ నక్షత్రాల్లాంటిదే మాకూ ఒకటి ఉండేది. ఒకరోజు పైవాళ్లు గుమ్మం పక్కన ఓ డబ్బా బిగించారు. ఇంటికెళ్తూ ఒక మీట నొక్కాలి, పచ్చమీట మీద నవ్వే మొహం, ఎర్రమీట మీద ఏడ్చే మొహం. ఆవిడకి చదువు రాదు, పైన ఏం రాశారో నాచేత చదివించుకుంది. "ఈరోజు మీ పని ఎలా ఉంది" అని ఉందక్కా అన్నాను. విని, ఒక మీట నొక్కి వెళ్లిపోయింది.

మేమంతా పచ్చే నొక్కాం, భయం కదా మరి. నాకైతే ఆశ కూడాను. నెలంతా పచ్చగా ఉంటే నన్ను పై అంతస్తుకి మారుస్తామన్నారు. చల్లటి గది, తిరిగే కుర్చీ. మీ నాయనమ్మ అప్పుడే వీధంతా చెప్పేసింది. తీరా చూస్తే రోజూ ఒక్క ఎరుపు. మేనేజరు, ముక్కుతో మాట్లాడతాడులే, "మీ గదిలో ఎవరో ఏడుస్తున్నారండీ, కాస్త కనుక్కోండీ" అని. ఎవరో నాకు తెలీదా? వెళ్లి బతిమాలాను. అక్కా, నేనేమైనా అన్నానా, పచ్చది నొక్కితే నీ సొమ్మేం పోయింది అని. దుప్పటి మడత ఆపలేదు. "నువ్వు బంగారం నాయనా. ఈ పనంటే నాకు ప్రాణం. గదే ఊపిరాడనివ్వదు. ముప్పై ఏళ్లలో పని ఎలా ఉందని నన్నెవరూ అడగలేదు. ఇదొక్కటే అడిగింది. అడిగినదానికి అబద్ధం ఎట్లా చెప్పను?"

ఆ ఆవిరిలో, తెల్లటి దుప్పట్ల మధ్య, ఎంత ఎత్తుగా కనబడిందో మనిషి. నా భుజం దాకా కూడా రాదు నిజానికి. ఆ సాయంత్రం నా వేలు పచ్చదాకా వెళ్లి ఎర్రదాని మీద పడింది. నా వెనక ఉతికేవాళ్లూ, మడతపెట్టేవాళ్లూ అందరూ అదే నొక్కారు.

కుర్చీ పోయింది. మీ నాయనమ్మ వారం మాట్లాడలేదు. మూడో నెలకి మాత్రం గోడ కొట్టి కిటికీ పెట్టారు. మొదటి గాలికి ఆవిడ నుదుటి మీద జుట్టు కదిలింది. అన్నేళ్లూ తడిసి అతుక్కుపోయిన జుట్టే చూశాను నేను. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి అలా నిలబడిపోయింది. మేమూ నిలబడిపోయాం.

ఆవిడ పోయి చాన్నాళ్లయిందిలే. అడిగింది మిషను చూడు. పక్కనే ఉన్నాను, నేనెప్పుడైనా అడిగానా?

ఆ ఫోను అవతల పెట్టు. నీ ఉద్యోగం ఎలా ఉందే? నవ్వి ఊరుకోకు. అడుగుతున్నాను.