పద

ఆసుపత్రిలో, నోరు పడిపోయినవాళ్ళకి మాటలు నేర్పే గది. బల్లకి ఇవతల, పక్షవాతంతో మూతి ఒక పక్కకి జారిన మగ్గాల మిల్లు కార్మికుడు. ఆయన పక్కన భార్య. ఆసుపత్రి లాండ్రీలో పని మధ్యలోంచి వచ్చింది. అవతల, మాటలు నేర్పే అమ్మాయి.

"...అందుకే ఇవాళ మిమ్మల్ని కూడా రమ్మన్నాను పిన్నీ. బాబాయ్ మాట మీరే ముందు వినాలి."

"పాటా? ఈయనకి పాటలెందుకమ్మా? ఒంట్లో బాగున్నప్పుడే ఏనాడూ పాడి ఎరగడు."

"పాట కాదు, మాట. మాట."

"రెండూ ఒకలాగే ఉన్నాయి."

"ఎక్కడ ఒకలా ఉన్నాయి పిన్నీ? సరే. కొంచెం మెల్లగా మాట్లాడండి, పక్క గదిలో పేషెంట్లున్నారు."

"మిల్లు గొంతు తల్లీ ఇది. తగ్గమంటే తగ్గదు. ఏం మాట?"

"చెప్తాను. మొదటిరోజు ఏం కావాలి బాబాయ్ అని అడిగాను. మీ తమ్ముడు ఆయన తరఫున జవాబు చెప్పేశాడు. మునుపటిలా మాట్లాడాలి, యూనియన్ మీటింగుల్లో మైకు పట్టుకోవాలి అని."

"వాడిదేం పోయింది. చెప్తాడు."

"నేను ఒప్పుకోలేదు. అంత పెద్దది పెట్టుకుంటే వారం తిరక్కుండా మనిషి నీరుగారిపోతాడు. గురి చిన్నదిగా ఉండాలి, ఇదీ అని వేలు పెట్టి చూపించేలా ఉండాలి, చెయ్యి చాస్తే అందాలి. ఒక్క మాట పెట్టుకుందాం అన్నాను."

"ఒక్కటేనా."

"ఒక్కటే. అమ్మ, నీళ్ళు, అన్నం, అన్నీ రాసి చూపించాను. అన్నీ పక్కకి తోసేశారు. చివరికి తనే ఎడమచేత్తో రాశారు, 'పద' అని. ఎక్కడికి పదమంటారు బాబాయ్ అంటే నవ్వుతారు. మీకూ ఇంట్లో ఇలాగే రాసి చూపిస్తుంటారేమో."

"చూపిస్తాడు. అక్షరం ముక్క రాని దానికి."

"అయ్యో. పిన్నీ, ఏడుస్తున్నారా?"

"లేదు. లాండ్రీ సోడా కంట్లో పడింది."

"ఇప్పుడా?"

"పొద్దున. షిఫ్టు అయ్యే వేళకి అనేవాడు ఆ మాట. నా మగ్గాలు ఒక వరస, ఈయనవి ఎదురు వరస. కాళ్ళు వాచి, నడుం పడిపోయి, ఇంక ఒక్క పోగు కూడా ముడెయ్యలేను అనుకునేసరికి అటునుంచి తలెత్తి 'పద' అనేవాడు. నన్ను చేసుకుంటావా అని కూడా అడగలేదు ఈ మహానుభావుడు. పద అన్నాడు, వెళ్ళాను."

"అంత రొదలో వినపడేదా?"

"ఎవరికి వినపడుతుంది? మొహం చూస్తే తెలిసేది."

"మిల్లు ఇప్పుడు లేదు కదా?"

"తాళం వేసుకుని పోయారు. మా ఒళ్ళు పిండుకుని పోయారు. ఇంకా ఏమేం పట్టుకుపోయారో నువ్వు అడక్కు, నేను చెప్పను."

"ఉండండి, ఈ కిటికీ వేస్తాను. జనరేటర్ మోతకి చెవులు చిల్లులు పడుతున్నాయి. మీకు ఇబ్బందిగా లేదా పిన్నీ? పిన్నీ? మిమ్మల్నే."

"అటు తిరిగి మాట్లాడితే ఎలా తల్లీ? మొహం ఇటు పెట్టి చెప్పు."

"జనరేటర్ అంటున్నాను."

"ఏ జనరేటర్?"

"పోనీలెండి. బాబాయ్, సిద్ధమేనా?"

"ఊ."

"పొట్టలోంచి ఊపిరి తీసుకోండి. నన్ను కాదు, పిన్నిని చూడండి. పిన్నిని చూసి అనండి."

"హ... హ..."

"తొందరేం లేదు."

"హ... హద."

"వచ్చేసింది. ఇంకోసారి బాబాయ్."

"హద."

"అదీ. 'ప' గాలిలా పోతోంది, ఆ పక్క పెదాలు కలవవు కదా. పర్వాలేదు. పెదాల జోలికి నేనే పోలేదు, దానికి బోలెడు కాలం పడుతుంది. ముందు గొంతు తెచ్చుకుందాం అన్నాను, తెచ్చుకున్నారు. ఎవరు విన్నా అర్థమవుతుంది. ఏమంటారు పిన్నీ?"

"బాగుంది."

"అంతేనా?"

"బాగుంది అన్నానుగా. ఆయాసపడుతున్నాడు, చాలించు."

"చాలిస్తాను. ఇంక రేపటి నుంచి మీరు రానక్కర్లేదు కూడా. పెట్టుకున్న గురి అందింది కాబట్టి కేసు మూసేయమంటారు మా పైవాళ్ళు. ఈ కుర్చీ కోసం బయట చాలామంది కాచుకుని ఉన్నారు."

"మూసేస్తారా."

"మంచిదే కదా? బాబాయ్, మీరెందుకు అలా తల అడ్డంగా ఊపుతున్నారు? మూసేయొద్దంటారా?"

"ఏమయ్యా, ఊరుకో. నా వైపు చూపించకు. ఊరుకోమంటున్నానా."

"ఏంటి పిన్నీ? ఏం చెప్పాలని చూస్తున్నారు ఆయన?"

"ఏం లేదు. పిచ్చి."

"హద. హద. హద."

"అలసిపోతారు బాబాయ్. పిన్నీ, ఒక మాటంటాను, ఏమీ అనుకోకండి. ఈ ఒక్క మాట కోసం ఆయన ఈ కుర్చీలో ఎన్నిసార్లు ఏడ్చారో నాకు తెలుసు. ఇప్పుడు అంతలా పిలుస్తుంటే, రాయిలా కూర్చున్నారు. ఒక్కసారైనా పలకరేం?"

"లాండ్రీ సూపర్‌వైజరుకి చెప్పనని ఒట్టెయ్యి."

"ఆయనకీ దీనికీ ఏం సంబంధం?"

"అక్కడ మెషిన్ బెల్లు విని పరిగెత్తాలి. నేను పక్కదాని కాళ్ళు చూసి పరిగెత్తుతాను. తెలిస్తే ఆ పూటే గెంటేస్తారు. ఇల్లు నా ఒక్కదాని మీదే నడుస్తోంది. ఒట్టెయ్యి."

"ఒట్టు. ఎవరికీ చెప్పను. చెప్పండి."

"ఆయన ఇప్పుడు అన్నాడా?"

"అదేంటి పిన్నీ, ఇందాకట్నుంచీ అంటూనే ఉన్నారుగా."

"ఆ మగ్గాలు నా చెవులు ఎప్పుడో తినేశాయి తల్లీ. ఇంతసేపూ నీ పెదాలు చూసే నీతో మాట్లాడుతున్నాను. ఆయన గొంతు నువ్వు తెచ్చావు, అది నీకు వినపడింది. కేసు మూయకు. నాకు ఆ రెండు పెదాలూ ఒక్కసారి కలిపించు."