మూడడుగుల కాలువ

హలో… ఆ, నేనేనక్కా, చెప్పండి. ఒక్క క్షణం, పొయ్యి మీద పాలున్నాయి… ఆ. కట్టేశాను.

లేదు లేదు, పనేం లేదు. మిషను ముందు కూర్చున్నాను, అంతే. గోడ అవతలే ఉండి ఫోనేంటక్కా ఇవాళ? ఒక్క కేక వేస్తే రానూ?

…

ఎవరొచ్చారు? మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరా? మళ్ళీనా? ఆ మధ్యేగా మూడుకాళ్ళ స్టాండు పెట్టి వీధి ఎత్తుపల్లాలన్నీ కొలిచి వెళ్ళాడు.

ఇప్పుడు మీ హాల్లోనే ఉన్నాడా… మీరు వంటింట్లోకి వచ్చి మాట్లాడుతున్నారా. సరే, సరే. చెప్పండి మెల్లిగా.

…

గడువు ఇవాళ్టితో అయిపోతుందా? ఏ గడువక్కా?

… నోటీసా! మీకు నోటీసొచ్చిందా? ఎప్పుడు? — పది రోజులైందా! నాతో ఒక్క ముక్క అనలేదేం? రోజూ పొద్దున్నే మీ నాన్నగారికి పేపరు చదవడానికి వస్తూనే ఉన్నాను కదా.

… పరువు పోతుందని. నా దగ్గర కూడానా?

ఆ, చదవండి. వింటున్నాను.

'ఇంటి స్థలంలో పడిన వాన నీరు ఆ స్థలంలోంచే వీధి కాలువలోకి పోవాలి'… ఆ. 'పక్క స్థలంలోకి పోరాదు'… ఊఁ. 'అందుకోసం ప్రహరీ పక్కన మూడడుగుల జాగా ఖాళీగా వదలాలి'… మీకు ఆ జాగాలో ఏముంది?

…

అయ్యో. మీ నాన్నగారి గది.

… లేదక్కా, నాకు తట్టలేదు. నిజంగా తట్టలేదు. ఆ గది మొదట్నుంచీ అక్కడే ఉన్నట్టు అలవాటైపోయింది. మూడేళ్ళేనా అయింది? అవునవును, ఆయనకి కాలూ చెయ్యీ పడిపోయాకేగా కట్టింది. పెరడంతా సిమెంటు చేయించింది కూడా అప్పుడే, కుర్చీ చక్రాలు తిరగడానికని.

… కొట్టేయాలంటాడా? కొంచెం కాదా, గది మొత్తమా?

మరి ఆయన్ని ఎక్కడ పడుకోబెడతారు? … మేడ మీదికి ఎలా తీసుకెళ్తారక్కా! ఆ కుర్చీ మెట్లెక్కుతుందా?

…

ఏడవకండి. అక్కా… ఏడవకండి. హాల్లోకి వినబడుతుంది.

…

నాకేం తెలుసక్కా ఎవరు ఫిర్యాదు చేశారో. వీధిలో ఎవరైనా కావచ్చు… మూలింటి కాంట్రాక్టరా? ఏమో, ఆయనకంత తీరికెక్కడిది… లేదు, ఆయన్ని వెనకేసుకు రావడం కాదు. తెలియకుండా ఒకర్ని అనుకోవడం ఎందుకని.

… రాసిన చేతులు పడిపోవాలా? ఏం మాటలక్కా అవి…

సరే. తిట్టండి. తిడితే మనసు తేలికపడుతుందంటే తిట్టండి.

…

ఆ రోజు అతని కొలతల కర్ర పట్టుకున్నది నేనే, కాదనను. అతనొక్కడే వచ్చాడు, తోడు రావాల్సినవాడు సెలవట. 'కాస్త నిటారుగా పట్టుకోండమ్మా' అంటే పట్టుకున్నాను. మీ పెరట్లోనూ పట్టుకున్నాను. మీరేమో అతనికి రెండుసార్లు టీ ఇచ్చారు! ఎడమకి జరగమంటే జరిగాను, కుడికి జరగమంటే జరిగాను. అదంతా కొలిచి ఇది రాస్తాడని నాకేం తెలుసు? పూడిక తీయించడానికి కాబోలు అనుకున్నాను.

…

ఇంకో దారుందా? ఉంటే అదే చెప్పరేం ముందు! చెప్పండి.

'పల్లంలో ఉన్న ఇంటివారు రాతపూర్వకంగా అంగీకరిస్తే'… ఆ. 'వారి స్థలంలోంచి కాలువ తవ్వుకోవచ్చు'…

పల్లంలో ఉన్న ఇల్లంటే… మాదే కదా.

…

గోడ వెంబడి. మా వంటింటి పక్కగా గేటు దాకా. వెడల్పు ఎంత? … మూడడుగులు.

అక్కా, అక్కడ నా వసారా ఉంది.

… తెలుసు, రేకుల వసారానే. గాలికి లేచిపోయే వసారానే. కానీ నా మిషను అక్కడే కదా ఉంది. హాల్లో పెట్టుకుంటే మాత్రం… హాల్లో ఎక్కడక్కా? ఈ చివర మీ మరిది మంచం, ఆ చివర పిల్లల పుస్తకాలు. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు మీ మరిది ముందు నిలబడి చేతులెత్తుతారా?

… నవ్వులాటకి అనలేదు. నిజంగానే అడుగుతున్నాను.

…

ఇంటి దస్తావేజుల్లో రాస్తారా? ఎప్పటికీనా? రేపు మేం ఇల్లు అమ్మినా కూడా? — కాలువ పైన రాయి కూడా పరవకూడదు. ఆహా. అంటే మీ ఇంటి నీళ్ళు మా ఇంట్లోంచి పోవడం మా కాగితాల్లోనే ఉంటుందన్నమాట.

… లేదక్కా, వెటకారం కాదు. సరిగ్గా అర్థమైందో లేదో చూసుకుంటున్నాను, అంతే.

…

ఎవరు సరేనన్నారు? మీ మరిదా? ఎప్పుడు?

… నిన్న బావగారు అడిగితే 'దానికేముంది అన్నయ్యా' అన్నారా. అంటారు. ఎందుకనరు. ఇంటికొచ్చి అన్నం తిన్నారు, మజ్జిగ పల్చగా ఉందన్నారు, పడుకున్నారు. ఈ మాట ఒక్కటే మర్చిపోయినట్టున్నారు.

అయితే సంతకం కూడా ఆయన్నే పెట్టమనండి.

… ఆ. అవును. ఇల్లు నా పేరు మీదుంది. పన్ను తగ్గుతుందని ఆయనే పెట్టించారు.

…

అక్కా, ఒక మాటంటాను, కోపం తెచ్చుకోకండి. ఆ నీళ్ళు మూడేళ్ళుగా మా వంటింట్లోకి వస్తూనే ఉన్నాయి. మీ పెరడు వాలు ఇటు పెట్టి, గోడ కింద మీ మేస్త్రి కన్నం వదిలినప్పటి నుంచీ.

… చెప్పకపోవడమేంటి? రెండుసార్లు చెప్పాను. మొదటిసారి మీరు నవ్వారు. రెండోసారి గుమ్మానికి గోనెసంచి అడ్డం పెట్టుకోమన్నారు. మూడోసారి మీదాకా కూడా రానివ్వలేదు. మీ మరిది నన్ను లోపలికి పిలిచి, అన్నయ్య వాళ్ళ ముందు నోరెత్తకు అన్నారు. ఎత్తలేదు.

కిందటి వానకి నలభై జతల స్కూలు బట్టలు తడిశాయి. కుట్టి, ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి ఉంచినవి. తెల్ల చొక్కాలన్నిటికీ లాగుల నీలం ఎక్కింది. రాత్రీ పగలూ ఉతికాను, పోలేదు. ఆ స్కూలు వాళ్ళు మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

… మీకు ఇది కూడా తెలియదా. సరే.

…

లేదు, కుదరదని అనలేదు. కాస్త ఆలోచించుకోనివ్వండి అంటున్నాను.

… ఐదు నిమిషాలా? పన్నెండింటికల్లా అతను వెళ్ళిపోవాలా? మరి నాకు ఇప్పుడా ఫోను చేయడం!

ఏమేం కావాలట? … గుర్తింపు కార్డు. ఆ. ఇంటి కాగితాలు. ఆ. కొలతల పటం అతని దగ్గరే ఉంది. ఇంకా?

… ఫిర్యాదు కాగితమా? దానితో ఏం పని?

… జత చేయాలా. ప్రతి పేజీ మీద ఇద్దరూ సంతకం చేయాలా. ఏ ఇద్దరు? — మీరూ నేనూ.

ఇప్పుడది అతని ఫైల్లోనే ఉందా? మీరు చూశారా? … ఇంకా తీయలేదు. సంతకాలప్పుడు తీస్తాడు.

…

ఆ. ఉన్నాను. లైన్లోనే ఉన్నాను.

…

అక్కా, ఆ వంటింటి తలుపు దగ్గరగా వేయండి. వేయండి ముందు… వేశారా?

మీ నాన్నగారి మంచం పక్కన గోడకి మందుల కాగితం అంటించి ఉంది కదా. ఏ పూటకి ఏ మాత్రో… ఆ, అదే. అది నేను రాసిపెట్టిందే కదా. పెద్ద పెద్ద అక్షరాలతో, ఆయనకి కనబడాలని. రోజూ చూస్తారు కదా మీరు.

… ఎందుకంటే, ఫిర్యాదు కాగితం మీద కూడా అవే అక్షరాలుంటాయి.

…

అక్కా?

…

పేరు రాయలేదు. మీ ఇంటి నంబరు రాయలేదు. వీధి పేరొక్కటే రాశాను. వాన నీళ్ళు ఇళ్ళలోకి వస్తున్నాయి, ఎవరినైనా పంపండి అని. అంతే. పార పట్టుకుని ఎవరో వస్తారు, కాలువ తవ్విపోతారు, ఆ వచ్చినతనే మీ పెరటి వాలు సంగతి మీతో ఒక మాటంటాడు, నేను అననక్కర్లేదు అనుకున్నాను. గది మాట నా బుర్రలోనే లేదు. మీ నాన్నగారి మీద ఒట్టు… వద్దులెండి, ఆయన మీద వద్దు. నా మీదే ఒట్టు.

ఆయన గది కూల్చమని రాసే మనిషినా నేను?

…

ఏదో ఒకటి అనండక్కా. ఇందాకటి తిట్లే మళ్ళీ తిట్టండి, పడతాను.

…

ఎవరితో… తలుపు తీశారా? ఇన్‌స్పెక్టరుతోనా మాట్లాడుతున్నారు?

'వస్తోందండీ, పెడుతుంది' అంటున్నారేంటి? అక్కా, నేనింకా మాటివ్వలేదు కదా—

…

ఆ. వింటున్నాను.

… బావగారికి చెప్పరు. మీ మరిదికీ చెప్పరు. మీ నాన్నగారి చెవిన అసలే పడనివ్వరు… నేను ఎప్పటిలాగే రోజూ వచ్చి పేపరు చదవొచ్చు.

నేను సంతకం పెడితే.

… పెట్టకపోతే?

…

సరే. వద్దు, చెప్పకండి. అర్థమైంది.

… కోపమేముందక్కా. మీ చోట నేనుంటే నేనూ ఇదే… ఏమో. తెలియదు.

రేకులు మాత్రం జాగ్రత్తగా దింపమనండి. కిందటేడే కొత్తవి వేయించాను. పని ఎప్పుడు మొదలుపెడతారు? … రేపేనా? గునపాలు కూడా వచ్చేశాయా?

…

సరే, వస్తున్నాను. పది నిమిషాలు. ఇంటి కాగితాలు బీరువా అడుగున ఉంటాయి, వెతికి తీయాలి…

ఏంటీ?

… పొద్దున ఆఫీసుకెళ్తూ ఆయనే ఇచ్చి వెళ్ళారా? మా ఇంటి కాగితాలా? నా గుర్తింపు కార్డు కూడానా?

… ఓహో.

అయితే ఇక నేను రావడమే తరువాయి. పెట్టేస్తున్నాను.