జానెడు దూరం

చలికాలం చివర్లో అక్క తేనెటీగల పెట్టె మూత తీసింది. లోపల చడీచప్పుడూ లేదు. తమ్ముడు వెనకే నిలబడ్డాడు.

"అన్నీ చచ్చాయిరా."

"నేను తిండి పెట్టానక్కా! అదుగో, పంచదార ముద్ద అలాగే ఉంది."

"ఆ మూలన పెట్టావు. చలికి ఒకదాన్నొకటి హత్తుకుని మధ్యలో కూర్చుంటాయి, జానెడు దూరం కూడా కదల్లేవు. సరిగ్గా వాటి నెత్తిమీద పెట్టమని నాన్న ఎన్నిసార్లు చెప్పాడు?"

"మూత మొత్తం తీస్తే కుడతాయని..."

"అందుకని సందులోంచి తోసేసి చేతులు దులుపుకున్నావు."

"పెట్టానా, లేదా?"

అక్క మూత వేసేసింది.

"నాన్నకీ పెట్టావు. మంచం దిగలేని మనిషికి కంచం గుమ్మం దగ్గర పెట్టి పోయావు. నేనొచ్చేసరికి అదీ అలాగే ఉంది. ఆయన కూడా కుడతాడనుకున్నావా?"