కొమురవ్వ గుండెదడ

రాసుకోర్రి సారూ, గౌండ్ల కొమురవ్వకు గుండెదడ. ఎప్పటిదంటే, ఆమె పెనిమిటి బుచ్చయ్య లేడా, ఆయన అన్న తాటిచెట్టు మీదికెళ్లి పడి సచ్చిపోయిండు చూడు, అప్పటిసంది. పిల్లల్లేరు వాళ్లకు. ఆమెకు ఆయన, ఆయనకు ఆమె, అంతే అనుకో. బుచ్చయ్య కల్లు గీయనీకే తాళ్లల్లకు పోయిండంటే చాలు, ఇంటికాడ ఈమెకు చేతులు వణుకుడు షురువు. పొయ్యి మీద కూర మాడుతుంటది, చూడది. ఎవలన్న వాకిట్లకొచ్చి గట్టిగ పిలిచిన్రా, పానం జల్లుమంటది, ఆయన పడ్డడని చెప్పనీకే వచ్చిన్రనుకుంటది. బువ్వ సయించది. నిద్ర రాదు. చాయ్ మీద చాయ్ తాగుడు, కడుపుల మంట, మల్ల చాయ్. మనిషి ఎండుపుల్లోలె అయిందంట. నవ్వకుర్రి. నవ్వేటోళ్లు తాళ్లెక్కేటోన్ని లగ్గం చేసుకోని చూడుర్రి, తెలుస్తది.

అయితె ఆమెకు ఒక అలవాటు. తాళ్లెక్కేటోళ్లు నడుముకు మోకు ఏసుకుంటరు గద, లావు తాడు, చెట్టును మనిషిని కలిపి పట్టుకునేది అదే. తెల్లారంగనే ఆ మోకు ముందటేసుకోని కూసుంటది. ఈ కొసకెళ్లి ఆ కొసదాక బొటనవేలుతోని ఒత్తుకుంట పోతది, యాడన్న పోగు తెగిందా, యాడన్న మెత్తవడ్డదా అని. తర్వాత దాన్ని ఇంటి గుంజకు సుట్టి, తన నడుముకేసుకోని, ఎనుకకు ఒరుగుతది. నా బరువే ఆపకుంటె నీ బరువేమాపుతది అంటదంట. అప్పుడు ఆయన చేతికిస్తది. బుచ్చయ్యకేమో నామోషి. కల్లు తాగవచ్చినోళ్లు, "ఏం బుచ్చన్నా, ఇయ్యాల నీ మోకును నీ పెండ్లాం పాస్ చేసిందా?" అని ఒకటే ఎగతాళి. ఈయన తలకాయ దించుకోని లొట్టిలకెళ్లి కల్లు వంచుడు.

ఏమైందంటే, ఒకనాడు కొమురవ్వ నీళ్లబిందె ఎత్తుకోవోయి చక్కరొచ్చి పడ్డది. బుచ్చయ్య బెదిరిపోయిండు. పక్కూరు మందుల మైసయ్య కాడికి తోలుకపోయిండు. నాటుమందులిస్తడాయన, మంచి చెయ్యి అని పేరు. నాడి చూసిండు, నాలిక చూసిండు, బిడ్డా నీకు రోగం లేదు, దిగులున్నది, అది రోగం కన్న పాడుది, లోపల్లోపల తింటది అన్నడంట. చాయ్ బంద్ చెయ్యమన్నడు. పొద్దుగాల రాగంబలి తాగు, మజ్జిగ పోసుకోని తాగు. కారం తగ్గియ్యి, ఆకుకూరలు తిను. పెన్నేరుగడ్డ పొడి చేతిల పెట్టి, మాపటికి గోరెచ్చటి పాలల్ల కలుపుకోని తాగి జల్ది పండుకో అన్నడు. లేచి కాలువ గట్టెంబడి నడువు, ఊపిరి మెల్లగ ఇడుసుకుంట నడువు అన్నడు. అన్నీ మంచి మాటలే. కావంటే నా నోరు పడిపోతది. ఆఖరుకు బుచ్చయ్యనే మోకు ముచ్చట బయటవెట్టిండు. మైసయ్య తలకాయ ఊపి, "అగో, అదే! పొద్దున లేస్తనె ఆ తాడు పట్టుకుంటివంటె దినమంత నీకు సావే యాదికుంటది. దాని జోలికి పోకు" అన్నడు. కొమురవ్వ, "మరి ఎవలు చూస్తరయ్యా?" అన్నది. "నా మోకు నేను చూసుకోనా? నేనేమన్న చిన్నపోరన్నా?" అని బుచ్చయ్య గయ్యిమన్నడు.

ఇగ చేసింది చూడు కొమురవ్వ, నిష్ఠగ చేసింది. చాయ్ మానింది, తలకాయ పలుగుతున్నా మానింది. అంబలి తాగింది, పొడి తాగింది, గట్టెంబడి నడిచింది. మొదట్ల చేతులు ఊకె మోకు దిక్కు పోతుండె, కొంగు పట్టుకోని ఆపుకునేది. మెల్లమెల్లగ నిద్ర పట్టింది. బుగ్గలు నిండినయ్. బుచ్చయ్య మురిసిపోయిండంట, ఇన్నేండ్లకు నా పెండ్లాం నవ్వుతున్నదని ఊరంత చెప్పుకున్నడు. మరి మోకు చూసుకున్నడా అంటరా? చూసిండు, మొదట్ల. ఇట్ల తిప్పి అట్ల తిప్పి భుజానేసుకునేది. ఆయనకు చూసుడు యాడొచ్చు చెప్పు? లగ్గమైనకాడికెళ్లి ఆమెనే చూసిచ్చె. మోకంటే మంచిగనే ఉంటది అని ఆయన లెక్క. అంత నమ్మిండు ఆమె చేతిని.

ఎండకాలం, పొద్దు వంగింది. కొమురవ్వ గోంగూర తెంపుకుంట కూసున్నది. వాకిట్లకెళ్లి ఎవలో, "ఓ కొమురక్కా!" అని అరిసిన్రు. ఈమె ఉలిక్కిపడలే. "ఏందో, ఇల్లు గూలినట్టు అరుస్తున్నరు" అని నవ్వుకుంట లేచింది. అయ్యో, ఆ నవ్వు మొఖంతోనే పోయి ఇన్నదంట ఆ మాట.

ఉరికింది. చెట్టు మొదట్ల పడి ఉన్నడు, ఇంక పానమున్నది. మోకు తెగి పక్కకున్నది. కొమురవ్వ ఆయన తలకాయ ఒడిలవెట్టుకున్నది, చెయ్యేమో దానంతటదే పోయి ఆ తెగిన కొస పట్టుకున్నది. బొటనవేలికి దొరికింది. మూడొంతుల పోగులు ఎన్నడో తెగినయి, పాతయి, నల్లవడ్డయి. గుడ్డోళ్లకు గూడ దొరుకుతయ్. బుచ్చయ్య కండ్లు తెరిచి, "నువ్వు చూసే ఇచ్చినవనుకున్ననే" అన్నడంట. తిట్టలే పాపం. యాది తప్పి అన్నడు, పాత దినాలల్ల ఉన్నడు ఆయన. ఆ మాటతోనే పోయిండు.

ఆయనను సాగనంపినంక ఏం చేసిందో ఎరుకనా? ఆ పొడి డబ్బ తీస్కపోయి కాలువల పారేసింది. చాయ్ పెట్టుకున్నది, గంజెడు తాగింది, మల్ల పెట్టుకున్నది. నా దడ నాకు రావాలె, అదుంటె ఈ మనిషి బతుకుతుండె అని రొమ్ము గుద్దుకున్నది. వాకిట్ల ఎవలన్న పిలిస్తె పానం జల్లుమంటదేమోనని చెవి పెట్టి కూసున్నది. ఎంతమంది పిలిచినా ఏం కాలే. ఎట్లయితది చెప్పు? ఇంక ఎవలు పడ్డరని వచ్చి చెప్తరు ఆమెకు?

మైసయ్య ఇప్పటికీ, గౌండ్ల కొమురవ్వకు దడ నేనే కుదిర్చిన, పోయి అడుగుర్రి అంటడంట. పోయి అడిగితె ఆమె గూడ, "అవునయ్యా, మొత్తమే పోయింది" అంటది. ఇద్దరు అబద్ధమాడేటోళ్లు కాదు. ఇగ రాసింది చాలు సారూ, మీరు గూడ లేవుర్రి, ఎవలిండ్లకు వాళ్లు పోర్రి. ఇంట్ల ఎవలన్న ఇంకా రాలేదేందని భయపడుతుంటరు.