గాలిలో బిగించిన బోల్టు

ఏటీ, ‘ఆప్’ అంటన్నావా నన్ను? పదకొండేళ్ళు మామా అన్న నోటితో ‘ఆప్ జాయియే’ అంటావా! పరాయోడితో అన్నట్టు హిందీలోనా! సరే, పోతాను. రెండు ముక్కలు ఇనీ సూరజ్.

కుర్చీ వద్దమ్మా బిందూ. కూకోడానికి రాలేదు. నీ మొగుడితో మాటుంది.

సోనారి పేటలో టీచరమ్మ లేదూ, సువర్ణకుమారి గారు? ఆవిడి కారు మళ్ళీ వచ్చిందిరా మన గేరేజీకి. అదే ఎడంపక్క. గతుకులో దిగితే చాలు, ధడ్ ధడ్‌మంటంది. విప్పి చూద్దును కదా, చక్రం ఆర్మ్‌లో బుష్ లేదూ, ఇనుమూ ఇనుమూ కొట్టుకోకుండా మజ్జినుండే రబ్బరు, అది నిలువునా చిరిగిపోయుంది. నువ్వెళ్ళిపోయేక కొత్తదేసి మూడు నెల్లు కాలేదు!

సరుకే మంచిది కాదనుకున్నాను. బర్మామైన్స్ బజార్లో గౌరీశంకర్ దుకాణానికెళ్ళి, నకిలీ మాలు అమ్ముతున్నావా అని ఎగిరేను. ఆ డబ్బాలోయే ఇంకో నాలుగు బళ్ళకేసేరంట, ఒక్కటీ తిరిగి రాలేదంట. పోనీ ఇంజినాయిలు కారి రబ్బరు ఉబ్బిందేమో అని చూసేను. చుక్క లేదు. ఎండన్నాను, రోడ్డన్నాను. ఇంకెవరి మీదెట్టను? నువ్వు కూడా లేవు కదా!

అలా చూడకురా.

ఆ మొదటిసారి ఏటన్నావు నువ్వు? ‘మామా, బండి జాకీ మీదుండగా బోల్టు పూరా బిగించీకు. చక్రం వేలాడతంటాది, రబ్బరు ఆ వాలులోనే పట్టీత్తాది. కిందకి దింపేక మెలిపడిపోద్ది. రోజూ ఆ మెలితోనే తిరిగి తిరిగి చిరిగిపోద్ది. దింపి, బరువు పడ్డాక, కిందకి దూరి బిగిద్దాం’ అన్నావు. మెల్లిగానే అన్నావు. గానీ టీచరమ్మ పక్కనే ఉంది కదా! నాకు పాఠం చెప్తావా అని నీ చేతిలో పానా లాక్కుని, గాలిలోనే బిగించీసేను.

తరవాతేటయింది? కొన్నాళ్ళకి ఆ రబ్బరు చిరిగి, బ్రేకేత్తే బండి పక్కకి లాగీసి డివైడర్‌కి కొట్టింది. ఆవిడి చెయ్యిరిగింది. అందరూ నా మొకం చూత్తంటే ‘బిగించింది సూరజ్’ అనీసేను. నువ్వు నోరు తెరిచేలోగా పనిలోంచి పొమ్మన్నాను.

ఆ చెయ్యి ఇప్పటికీ తల దాకా లేవదంట. కూతురు డయానా జడేత్తాది.

పొద్దున్న ఎళ్ళి చెప్పీసేనురా. బిగించింది నానేనమ్మా, ఆడు కాదు అని. తిడతాదనుకున్నాను. తిట్టలేదు. ‘ఈ మాట ఆ అబ్బాయితో అన్నావా?’ అంది. అంతే. కారు తాళం తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

అందుకొచ్చేను. తప్పు నాది. పనిలోకి రమ్మనను, ఏ మొకంతో అంటాను?

ఏటి? ఈ రెండోసారి ఎవరు బిగించేరంటావా?

నానేరా. మళ్ళీ గాలిలోనే. నీ మాట నిజమని మొదటిరోజే తెలుసు నాకు. అయినా పానా అట్టుకుని ఆ బండి పక్కన చానాసేపు నిలబడ్డాను. దింపి బిగిత్తే, నువ్వు చెప్పింది ఒప్పుకున్నట్టే కదా! చూసీవోడెవడూ లేడు. అయినా ఒప్పలేదు మనసు. ఆవిడి ప్రాణమైనా పోనీ గానీ...

అంతేరా. అలాటి మనిషిని నాను.